గల్ఫ్‌లో వాడిన కారు ఇంటికి తేవచ్చా? డ్యూటీ కంటే ముందు అడ్డం పడేది స్టీరింగ్

గల్ఫ్‌లో పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసి ‘ఇక చాలు, ఇంటికి వెళ్లిపోదాం’ అనుకున్న కుటుంబాల్లో సామాన్లు సర్దే రోజుల్లో తప్పకుండా లేచే ప్రశ్న ఒకటుంది. టీవీ, ఫ్రిజ్, సోఫా సెట్ కార్గోలో వేస్తున్నాం కదా, మరి కారు సంగతేంటి? రియాద్‌లో కొన్న కామ్రీ కావచ్చు, షార్జాలో నాలుగేళ్లుగా పిల్లల్ని స్కూలుకు దించుతున్న ప్రాడో కావచ్చు. అక్కడ అమ్మితే వచ్చేది అంతంతమాత్రం. అదే బండి హైదరాబాద్‌లో ఎంతకు పోతుందో తెలిస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కంటైనర్‌లో ఎక్కించి ముంబైలో దించుకుంటే, డ్యూటీ ఎంతో కొంత కట్టేస్తే సరిపోదా?

సరిపోదు. చాలామంది డ్యూటీ దగ్గరే లెక్క మొదలుపెడతారు. నిజానికి లెక్క అంతవరకు రాదు. సౌదీ, యూఏఈ, ఖతర్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ ఈ ఆరు దేశాల్లోనూ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దేశంలోకి దిగుమతి చేసుకునే వాడిన కారుకు స్టీరింగ్ కుడివైపే ఉండాలని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్, అంటే డీజీఎఫ్‌టీ, నిబంధన పెట్టింది. షరతు అక్కడే తెగిపోయింది. డ్యూటీ ఎంతైనా కడతామన్నా, గల్ఫ్ షోరూమ్‌లో కొన్న మామూలు కారు ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది.

మరి ఈ ఆశ ఎక్కడి నుంచి వస్తోంది? ఒక కారణం ‘టీఆర్’ అనే మాట. విదేశంలో కనీసం రెండేళ్లు ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవారికి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద ఇంటి సామాన్లపై కస్టమ్స్ రాయితీ ఉంది. వాషింగ్ మెషీన్‌కు ఉన్నప్పుడు కారుకు ఎందుకు ఉండదనేది మామూలు మనిషి తర్కం. కానీ 1962 కస్టమ్స్ చట్టంలో బ్యాగేజీ అంటే ఏమిటో చెప్పే చోటే మోటారు వాహనాలు బ్యాగేజీ కిందికి రావని రాసేశారు. కాబట్టి టీఆర్ రాయితీ కారుకు తగలదు. ఇంటి సామాన్ల జాబితాలో ‘కారు ఒకటి’ అని రాయించి పంపిస్తామని ఏ ఏజెంటైనా అంటే, ఆయనకు తెలియదనుకోవాలి, లేదా తెలిసే చెబుతున్నాడనుకోవాలి.

రెండో కారణం రూమ్‌లో పక్క మంచం మీది పాకిస్తానీ దోస్త్. వాళ్ల దేశంలో చాలా ఏళ్ల పాటు పర్సనల్ బ్యాగేజీ, గిఫ్ట్, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ అనే మూడు స్కీముల కింద ప్రవాసులు ఇంటికి వాడిన కార్లు పంపించుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం జపాన్ నుంచి వెళ్లినవే. ‘మా భాయ్ పంపాడు, నువ్వెందుకు పంపలేవు’ అనే మాట డ్యూటీ ముగిశాక చాయ్ దగ్గర మొదలై మన ఇళ్ల దాకా వస్తుంది. ఆ స్కీములు ఆ దేశానివి. మన దగ్గర అలాంటి గిఫ్ట్ స్కీమేదీ లేదు.

షరతులు ఏమంటున్నాయి

డీజీఎఫ్‌టీ దిగుమతి విధానంలో వాహనాలది 87వ చాప్టర్. వాడిన కారు గురించి అందులో ఉన్నదాన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. కారు తయారై మూడేళ్లు దాటకూడదు. ఈ మూడేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఫ్యాక్టరీలో తయారైన తేదీ నుంచి. షోరూమ్‌లో ఎనిమిది నెలలు నిలబడిన మోడల్‌ను తక్కువకు కొన్నవారికి ఆ ఎనిమిది నెలలూ పోయినట్టే. స్టీరింగ్, కంట్రోల్స్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు పడాలి. ఈ హెడ్‌లైట్ల సంగతి చాలామంది పట్టించుకోరు గానీ ఇందులో అర్థముంది. కుడివైపు నడిచే దేశానికి చేసిన లైటు ఇక్కడ ఎదురొచ్చేవాడి కళ్లలోకే కొడుతుంది.

అక్కడితో అయిపోలేదు. ఓడ ఎక్కించే ముందు గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ బండిని పరిశీలించి, అది భారత మోటారు వాహనాల చట్టానికి తగ్గట్టు ఉందని సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇక్కడ దిగాక మళ్లీ పరీక్ష. అహ్మద్‌నగర్‌లోని వీఆర్‌డీఈ, పుణేలోని ఏఆర్ఏఐ, మధ్యప్రదేశ్ బుద్నీలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల పరీక్షా సంస్థ ఆ పని చేస్తాయి. బండి ఇంకో ఐదేళ్లు రోడ్డు మీద తిరగగలదని, ఆ ఐదేళ్లూ దేశంలో సర్వీసు సదుపాయం ఉంటుందని దిగుమతి చేసుకునే వ్యక్తే రాసి ఇవ్వాలి. కంపెనీలకు ఇది కాగితం పని. ఒక్క బండి తెచ్చుకునే మనిషికి మాత్రం, రేపు పార్ట్ దొరక్కపోతే ఎవరిని అడగాలనే ప్రశ్న అప్పుడే మొదలవుతుంది.

రేవు విషయంలోనూ పట్టింపు ఉంది. కొత్త కార్లు చెన్నై, కోల్‌కతా సహా చాలా చోట్ల దిగుతాయి. వాడిన కారుకు దారి ముంబై ఒక్కటే. కారును చెన్నైకో విశాఖకో తెప్పించుకుని రోడ్డు మీద ఇంటికి నడిపించుకుందామనే ప్లాన్ పనికిరాదు.

టూ వీలర్లకు స్టీరింగ్ షరతు లేదు, అది సహజం. మిగతా షరతుల బరువు మాత్రం వాటి మీదా ఉంటుంది.

అయితే ఎవరు తేగలరు

షరతులన్నీ విన్నాక అసలు ఎవరికైనా వీలవుతుందా అని అనుమానం రావచ్చు. కుడివైపు స్టీరింగ్ ఉన్న దేశాల్లో ఉన్నవారికి దారి ఉంది: బ్రిటన్, జపాన్, సింగపూర్, మలేషియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మన తెలుగు కుటుంబం రెండేళ్ల కారును తేవాలనుకుంటే చట్టం తలుపు మూయలేదు. బ్రిటన్ కార్లలో మాత్రం స్పీడోమీటర్ ప్రధానంగా మైళ్లలో ఉంటుంది, ఆ సంగతి ముందే చూసుకోవాలి. తలుపు తెరిచే ఉంది సరే, లోపలికి అడుగుపెట్టే ముందు జేబు తడుముకోక తప్పదు.

వాడిన కార్లపై బేసిక్ కస్టమ్స్ డ్యూటీ చాలా ఏళ్లు 125 శాతం ఉండేది. దాని మీద పది శాతం సర్‌చార్జి, అంటే మొత్తం 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో బేసిక్ డ్యూటీని 70 శాతానికి తగ్గించారని వార్తలు వచ్చాయి, వాట్సాప్‌లో ‘విదేశీ కార్లు సగానికి సగం చౌక’ అని తిరిగింది. తగ్గించిన మాట నిజమే. కానీ సర్‌చార్జి తీసేసి, వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు పేరుతో 67.5 శాతం పెట్టారు. కూడితే మళ్లీ 137.5. పేరు మారింది, మోత మారలేదు.

దాని మీద జీఎస్టీ. ఇది కారు విలువ మీద మాత్రమే కాదు, కారు విలువకు కస్టమ్స్ డ్యూటీ కలిపిన మొత్తం మీద పడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్ద కార్లకు 40 శాతం. చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు. విదేశం నుంచి తేవాలన్నంత మోజు పుట్టించే బండ్లు దాదాపుగా ఈ కొలతలు దాటినవే.

లెక్క వేసి చూద్దాం. ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలుపుకుని కస్టమ్స్ వారు ఒక పెద్ద కారుకు కట్టిన విలువ 10 లక్షలు అనుకుంటే, డ్యూటీ 13 లక్షల 75 వేలు. రెండూ కలిపి 23 లక్షల 75 వేలు. దాని మీద 40 శాతం జీఎస్టీ 9 లక్షల 50 వేలు. పది లక్షల బండి ముంబై గేటు దాటేసరికి 33 లక్షల 25 వేలు అవుతుంది. పరీక్షల ఖర్చు, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, రేవులో నిలబడిన రోజులకు అద్దె, హైదరాబాద్ దాకా ట్రక్కు, ఆర్టీఏ ఆఫీసులో లైఫ్ ట్యాక్స్ ఇంకా ముందున్నాయి. దిగుమతి చేసుకున్న బండికి లైఫ్ ట్యాక్స్ కూడా కస్టమ్స్ డ్యూటీ కలుపుకున్న ధర మీదే లెక్కిస్తారు. పన్ను మీద పన్ను అన్నమాట.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ‘నేను సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా కొన్నాను, బిల్లు ఇదిగో’ అంటే కస్టమ్స్ ఒప్పుకోవాలని లేదు. ఆ మోడల్ కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని అందులోంచి అరుగుదల తగ్గించడం వారి పద్ధతి. మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది రెండున్నర శాతం. మూడేళ్లు నిండిన కారుకు మొత్తం కలిపి తగ్గేది 38 శాతమే. అక్కడి మార్కెట్లో బండి ధర సగానికి పడిపోయినా, కస్టమ్స్ కళ్లకు అది ఇంకా 62 శాతం విలువున్న కారే. చౌకగా కొన్న బండికి చౌక డ్యూటీ పడుతుందని ఆశపడేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

తెలియక పంపించేస్తే?

కొందరు ‘ముందు పంపిద్దాం, ముంబైలో ఎవరో ఒకరిని పట్టుకుని చూసుకుందాం’ అంటారు. షిప్పింగ్ కంపెనీ కారును కంటైనర్‌లో పెట్టి పంపడానికి అడ్డు చెప్పదు. కిరాయి తీసుకోవడం, సరుకు చేర్చడం వారి పని. భారత్‌లో అది రిజిస్టర్ అవుతుందా లేదా అనేది వారు చూడరు. ‘డోర్ డెలివరీ’ అని ప్రకటన ఇచ్చిన ఏజెంట్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఈ బండి తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో ఆర్టీఏ దగ్గర నా పేరు మీద రిజిస్టర్ అవుతుందని కాగితం మీద రాసిస్తారా?

షరతులకు విరుద్ధంగా వచ్చిన బండిని కస్టమ్స్ జప్తు చేయవచ్చు. విడిపించుకోవడానికి జరిమానా, పైగా పెనాల్టీ. ఒక్కోసారి సొంత ఖర్చుతో వెనక్కి పంపేయాల్సి వస్తుంది. తేలేదాకా రేవు అద్దె మీటరులా తిరుగుతూనే ఉంటుంది. 30 రోజుల్లో క్లియర్ కాని సరుకును నోటీసు ఇచ్చి వేలం వేసే అధికారం కూడా చట్టంలో ఉంది. పదేళ్ల కష్టం పెట్టి కొన్న బండి, కొన్న మనిషి కళ్ల ముందే వేలం పాటలో పోవడం కంటే షార్జాలో ఒక వెయ్యి దిర్హమ్‌లు తక్కువకు అమ్ముకోవడం నయం.

స్టీరింగ్ మార్పించి పంపితేనో? దుబాయ్‌లో ఆ పని చేసే వర్క్‌షాపులున్నాయి. స్టీరింగ్ అటు నుంచి ఇటు మార్చడమంటే చక్రం ఒక్కటే కాదు. డ్యాష్‌బోర్డు, పెడల్స్, వైపర్లు, ఎయిర్‌బ్యాగులు, వైరింగ్ అన్నీ కదపాలి. ప్రమాదం జరిగినప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చెప్పే హామీ ఎవరూ ఇవ్వరు. పైగా తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మన మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2025 మే నెలలో హైదరాబాద్‌కు చెందిన ఒక లగ్జరీ కార్ల వ్యాపారిని డీఆర్ఐ అధికారులు అరెస్టు చేశారు. విదేశీ కార్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తెప్పించి, దారిలో స్టీరింగ్ మార్పించి, దొంగ పత్రాలతో విలువ తగ్గించి చూపి డ్యూటీ ఎగ్గొట్టారన్నది ఆరోపణ.

ఆరు నెలల కార్నె

గల్ఫ్ నంబర్ ప్లేటుతో, ఎడమవైపు స్టీరింగ్‌తో కేరళ రోడ్ల మీద తిరిగే కార్ల వీడియోలు చూసినవారు ‘మరి ఇవి ఎలా వచ్చాయి’ అని అడుగుతుంటారు. అది కార్నె పద్ధతి. ఒక రకంగా బండికి పాస్‌పోర్టు లాంటిది. ఆ దేశంలోని ఆటోమొబైల్ క్లబ్‌కు గ్యారంటీ డబ్బు కట్టి ఈ పత్రం తీసుకుంటే, డ్యూటీ కట్టకుండా బండిని కొంతకాలం తెచ్చుకోవచ్చు. మన దేశంలో ఆరు నెలలు. గడువులోగా తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లకపోతే కస్టమ్స్ డ్యూటీని క్లబ్ నుంచి వసూలు చేస్తుంది, క్లబ్ ఆ మనిషి గ్యారంటీ నుంచి పట్టుకుంటుంది. కుటుంబంతో కలిసి సొంత బండిలో ఊరంతా తిరగాలనే సరదా ఉన్నవారికి ఇది సరే. అమ్మడానికి, అద్దెకివ్వడానికి, బావమరిదికి ఇచ్చేసి తాను తిరిగి విమానమెక్కడానికి కాదు.

ఇదే చోట మోసం కూడా పుడుతుంది. హైదరాబాద్‌లో ‘ఇంపోర్టెడ్, సగం ధరకే’ అని తిరిగే బండ్లలో కార్నె గడువు దాటినవి, ఎంబసీల పేరుతో డ్యూటీ లేకుండా దిగినవి, పొరుగు దేశం నుంచి రోడ్డు మార్గాన దాటించినవి ఉండవచ్చు. 2021లో డీఆర్ఐ చేపట్టిన ‘మాంటే కార్లో’ ఆపరేషన్ విదేశీ దౌత్యవేత్తల పేర్ల మీద తెప్పించిన కార్ల గురించే. 2025 సెప్టెంబర్‌లో కొచ్చి కస్టమ్స్ ‘నుమ్‌ఖోర్’ పేరుతో భూటాన్ మీదుగా వచ్చాయని అనుమానించిన కార్లను పట్టుకుంది. భూటాన్ భాషలో ఆ మాటకు వాహనం అనే అర్థం. సోదాలు మలయాళ సినీ నటుల ఇళ్ల దాకా వెళ్లడంతో దేశమంతా ఆ పేరు విన్నది. కొన్నవాళ్లు ‘మాకు తెలియదు’ అన్నా, బండి మాత్రం ఇంటి ముందు నుంచి వెళ్లిపోతుంది. కట్టిన డబ్బు కోసం ఆ తర్వాత అమ్మినవాడి చుట్టూ తిరగాలి.

పెళ్లి కోసమో, అల్లుడి కోసమో ఇలాంటి బండి కొనే ఆలోచన ఉంటే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ అడగాలి. అది దిగుమతి చేసుకునేవారు కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రం. దాని నంబర్, తేదీ, రేవు పేరుతో కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. డ్యూటీ కట్టిన చలానా చూడాలి. పత్రంలో ఉన్న చాసిస్ నంబర్, బండి మీద చెక్కిన నంబర్ ఒకటేనా అని మెకానిక్‌ను వెంటబెట్టుకుని చూసుకోవాలి. మొదటి రిజిస్ట్రేషన్ ఎక్కడో దూరపు రాష్ట్రంలో అయి, వెంటనే ఎన్‌ఓసీతో ఇక్కడికి వచ్చి ఉంటే ఎందుకని అడగాలి. అడిగితే ముఖం మాడ్చుకునే అమ్మకందారు దగ్గర బేరం ఆపేయడమే మంచిది.

మరి గల్ఫ్ కారును ఏం చేయాలి

అక్కడే అమ్మాలి. అది కూడా చివరి వారంలో కాదు. ఫ్లైట్ టికెట్ చేతిలో ఉన్నవాడి అవసరం కొనేవాడికి ముఖం చూడగానే తెలుస్తుంది, రేటు అక్కడికక్కడే పడిపోతుంది. స్కూళ్లు మూసే జూన్‌లో వెళ్లిపోయే కుటుంబాలన్నీ ఒకేసారి అమ్మకానికి పెడతాయి. రమజాన్ ఆఫర్లలో కొత్త కారే తక్కువకు దొరుకుతుంటే పాతదాని బేరం గట్టిగానే సాగుతుంది. రెండు మూడు నెలల ముందు మొదలుపెడితే ఈ రెండింటినీ తప్పించుకోవచ్చు.

అమ్మే ముందు పేరు ఎవరి మీద ఉందో చూసుకోవాలి. సౌదీలో వాయిదాల మీద తీసుకున్న చాలా కార్లు లీజు పద్ధతిలో ఉంటాయి. ఇస్తిమారాలో యజమాని ఫైనాన్స్ కంపెనీ, నడిపేవాడు మాత్రమే మనవాడు. బాకీ తీరి బండి పేరు మారేదాకా అది అమ్మే హక్కు ఉండదు. యూఏఈలో బ్యాంకు లోన్ ఉంటే ముందు క్లియరెన్స్ లెటర్, తర్వాతే మల్కియా మార్పు. ట్రాఫిక్ ఫైన్లు, టోల్ బాకీలు తీర్చాలి. తెలిసినవాడే కదా అని తాళాలిచ్చి, కాగితాలు తర్వాత చూసుకుందామని ఇంటికి వచ్చేసినవారికి, ఆ తర్వాత పడే ప్రతి ఫైనూ వారి పేరు మీదే పడుతుంది. సౌదీలో ఫైనల్ ఎగ్జిట్ వేయించుకునే ముందు పేరు మీద ఒక్క వాహనం కూడా లేకుండా అబ్షర్‌లో చూసుకోవాలి. వచ్చిన డబ్బును ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు బ్యాంకు ద్వారా పంపి, అమ్మకం కాగితం ఒక కాపీ, ట్రాన్స్‌ఫర్ అయిన మెసేజ్ స్క్రీన్‌షాట్ ఒకటి ఫోన్‌లో దాచుకుంటే, ఆరు నెలల తర్వాత అక్కడి నుంచి ఏదైనా ఫైన్ మెసేజ్ వచ్చినా చూపించడానికి ఆధారం ఉంటుంది.